మూడో నాజిల్

పొగ చూసి బండి రోగం చెప్పగలవాడు వరంగల్ మొత్తం మీద కొమురెల్లి ఒక్కడేనని లారీ అడ్డా మీద అందరూ అనేవారు. అందరికంటే ఎక్కువసార్లు కొమురెల్లే అనేవాడు. నల్లపొగ వస్తే డీజిల్ పూర్తిగా కాలడం లేదని, తెల్లపొగ వస్తే అసలు అంటుకోవడమే లేదని, నీలిపొగ వస్తే ఇంజను ఆయిల్ తాగుతోందని క్లీనర్లకు కూడా తెలుసు. తెలిసిన సంగతినే నలుగురూ చేతులు కట్టుకుని వినేలా చెప్పడం మాత్రం ఒక విద్య. ఆ విద్యలో కొమురెల్లిని కొట్టేవాడు లేడు.

అతని దగ్గర తెల్లటి మల్లు గుడ్డ ముక్కలు దొంతరగా ఉండేవి. బండి రాగానే డ్రైవరును రేసు తొక్కమని, తను సైలెన్సరు మూతికి గుడ్డ పట్టి, నోట్లోనే ఇరవై లెక్కపెట్టేవాడు. తర్వాత గుడ్డను ఎండకెత్తి చూసి, వాసన చూసి, ఒక్కోసారి నాలుక కొసకు తాకించి, తుపుక్కున ఉమ్మి, అప్పుడు నోరు తెరిచేవాడు. బండి ఓనరు బెంచీ మీద కూర్చుని వినేవాడు. డ్రైవరు నిలబడి వినేవాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

గుడ్డ కంటే పేరు మోసింది చుక్క. నాజిళ్లో పంపో బాగుచేసి బిగించాక ప్రతి నట్టు మీదా సన్నటి పుల్లతో ఎర్ర పెయింటు చుక్క పెట్టేవాడు, సగం నట్టు మీద, సగం పక్కనున్న ఇనుము మీద పడేలా. ఆ తర్వాత ఎవడైనా పానా పెట్టి నట్టును వెంట్రుకవాసి తిప్పినా చుక్క రెండు ముక్కలై దొరికిపోయేది. పెళ్లాం బొట్టు మీద కూడా లేనంత నమ్మకం సేట్లకు కొమురెల్లి చుక్క మీద ఉండేది.

అట్లాంటి కొమురెల్లి ఎనభై మూడు కార్తీకంలో ఒక తప్పు చేశాడు. తప్పంటే పెద్దదేమీ కాదు. వడ్లు, గింజలు కొని అమ్మే గల్లా వ్యాపారి వీరభద్రం సేటు డీజిల్ వ్యాను నాలుగు నాజిళ్లూ మార్చడానికి వచ్చింది. నాజిలంటే ఇంజనులోకి డీజిల్‌ను తుంపరగా చల్లే చిన్న ఇనుప ముక్క. అది చల్లినంతకాలం బండికి పొగ ఉండదు. పాతబడి బొట్లుబొట్లుగా కారడం మొదలుపెడితే, కాలీ కాలని డీజిలంతా మసై సైలెన్సరులోంచి బయటికొస్తుంది. బండి తాగేది ఎక్కువ, లాగేది తక్కువ.

ఆ రోజు కొమురెల్లి దగ్గర కొత్త నాజిళ్లు మూడే ఉన్నాయి. నాలుగోది హైదరాబాదు నుంచి రావాలి. వీరభద్రానికి మర్నాడే తొర్రూరు నుంచి వడ్ల లోడు. బండి కావాలి, కావాలి అని ప్రాణం తీశాడు. కొమురెల్లి ఒకటికీ రెండుకూ నాలుగుకూ కొత్తవి వేసి, మూడోదానికి పాతదాన్నే కడిగి బిగించాడు. సరుకు రాగానే మార్చేద్దామనుకున్నాడు. నాలుగు నట్ల మీదా నాలుగు చుక్కలు పెట్టి, "నాలుగూ కొత్తవే సేటు, రెండేండ్లు జూస్కోవాల్సిన పని లేదు" అన్నాడు. సరుకు నాలుగు రోజులకు వచ్చింది. ఇంకెవరి బండికో పోయింది. కొమురెల్లి మరిచిపోయాడు. మరిచిపోయినందుకు ఏ దేవుడూ ఎవణ్ణీ శిక్షించడు. ఆ తర్వాత జరిగినదానికే శిక్ష ఉండాలి, అది కూడా పడాల్సినవాడికి పడితే.

ఆ వ్యాను నడిపేవాడు యాకయ్య. ముప్పై ఏళ్లుంటాయి. ఆరేళ్లుగా ఆ ఒక్క సేటు దగ్గరే ఉన్నాడు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని, తాళ్లున్న చోట బండి కూడా ఆపకుండా పోయే రకం. భార్య చిలుకమ్మ, నాలుగేళ్ల కూతురు పూలమ్మ, శివనగర్‌లో ఒక గది. స్టీరింగు తప్ప అతనికి ఇంకో ఆస్తి లేదు. మంచిపేరు ఉన్నంతకాలమే ఆ స్టీరింగైనా చేతిలో ఉంటుందని అతనికి తెలుసు.

సమ్మక్క జాతర అయిపోయిన వారంలో హన్మకొండ చౌరస్తాలో బ్రేకిన్‌స్పెక్టరు ఆ వ్యానును ఆపాడు. వెనక రిక్షావాడి మొహం కనిపించనంత నల్లపొగ. ఎనిమిది రోజుల్లో పొగ ఆపకపోతే బండి కాయితాలు గుంజుకుంటానని చెప్పి పంపాడు. వీరభద్రానికి అప్పటికే లోపల ఒక పురుగు తొలుస్తోంది. మునుపు ఒక క్యాను డీజిల్‌తో తొర్రూరుకు రెండుసార్లు పోయొచ్చే బండి, ఇప్పుడు ఒక్కసారికే నోరు తెరుస్తోంది. మిగతాదెక్కడికి పోతున్నట్టు? డ్రైవరన్నవాడు డీజిల్ అమ్ముకోకుండా ఉంటాడా అని సాటి సేట్లు రోజూ చెవిలో పోస్తూనే ఉన్నారు.

యాకయ్య తనంతట తనే రోగం పట్టుకున్నాడు. ఇంజను నడుస్తుండగా నాజిళ్లకు పోయే నాలుగు పైపులను ఒక్కొక్కటే వేళ్లతో పట్టి చూశాడు. మొదటిదాని అదురు సమంగానే ఉంది. రెండోదీ అంతే. మూడోది తేడాగా అదిరింది, దాని నట్టు కొంచెం వదులు చేసేసరికి పొగ టక్కున ఆగిపోయింది. చూసుకుని మళ్లీ బిగించాడు. ఆ పద్ధతి అతను కొమురెల్లి దుకాణంలోనే, అతని వెనక నిలబడి, చూసి నేర్చుకున్నాడు. నేర్పినవాడికి చెప్పుకోవడం మర్యాద కదా అని మధ్యాహ్నం సైకిలేసుకుని కొమురెల్లి దగ్గరికి వచ్చాడు. దుకాణంలో ఇంకెవరూ లేరు.

"ఉస్తాద్, మూడో నట్టు జర లూజు జేసి చూసిన. పొగ ఆగింది. నాజిల్ కారుతాందేమో" అన్నాడు. "రేపు సేటు తనే బండి దీస్కొస్తనన్నడు. ఆయన ముందట నేనేం అనను. నువ్వే గుర్తువట్టినట్టు పట్టు."

కొమురెల్లికి కార్తీకం నాటి సంగతి గుర్తొచ్చింది. దొంగకు తేలు కుట్టినట్టయి, చేతిలోని పానాను గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

"సరే తీ. రేపు జూస్త" అన్నాడు.

న్యాయం చెప్పాలంటే అప్పటికి కొమురెల్లి మనసులో చెడు లేదు. రేపు గుడ్డ పట్టి, మూడో నాజిల్ చెడిపోయిందని, కంపెనీవాళ్లు ఈ మధ్య పాడు సరుకు పంపుతున్నారని చెప్పి, కొత్తది వేసి పంపిద్దామనుకున్నాడు. ఆ వాక్యం కూడా కూర్చి పెట్టుకున్నాడు. కాకపోతే ఒక డ్రైవరు వచ్చి తనకు రోగం పేరు చెప్పి పోవడం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. 'నువ్వే గుర్తుపట్టినట్టు పట్టు' అంటాడా? వాడు దయ చూపిస్తే తను పుచ్చుకోవాలా?

మర్నాడు పొద్దున అడ్డా నిండుగా ఉంది. వీరభద్రం వ్యాను దిగుతూనే, బెంచీ మీద కూర్చోకుండా, పదిమందిలో నిలబడి అడిగాడు.

"ఏందయా కొమురెల్లీ, నాలుగు కొత్తయ్ ఏసిన్నంటివి. మూడు నెలలు గాలె. బ్రేకిన్‌స్పెక్టరు తోని నడిరోడ్డు మీద తిట్లు తిన్న. కొత్తవే ఏసినవా, పాతవాటికే నీళ్లు వోసి పెట్టినవా?"

నలుగురు నవ్వారు. కొమురెల్లి నవ్వలేదు. గుడ్డ తీసి సైలెన్సరు మూతికి పట్టాడు. యాకయ్య రేసు తొక్కాడు. ఇరవై దాకా పోనవసరం లేకుండా, ఎనిమిదికే గుడ్డ నడుమ తడి మసి చందమామంత పడింది. బెంచీ మీదున్నవాళ్లందరూ మెడలు సాచారు. తను కూర్చి పెట్టుకున్న వాక్యం కొమురెల్లి నాలుక మీదే ఉంది. దాన్ని చెప్తే సేటు నాజిల్ విప్పమంటాడు. విప్పితే దాని మీద ఏళ్లనాటి తుప్పు. పాతవాటికే నీళ్లు పోశావన్న మాట పదిమందిలో నిజమవుతుంది. మనిషి చెడిపోవడానికి ముహూర్తం చూసుకోడు. కొమురెల్లి ఇంజను మీది మూత ఎత్తి వంగాడు. వంగగానే మూడో నట్టు మీద చుక్క రెండుగా చీలి కనిపించింది.

"సేటు, ఇటు రా. గీ చుక్కలు జూడు. ఇది ఒక్కటి, ఇది ఒక్కటి, గిదీ ఒక్కటే. మరి గిది?"

వీరభద్రం వంగి చూశాడు. "రెండయింది."

"నేను వెట్టినప్పుడు ఒక్కటే. పానా వడ్డది."

"ఎవడు విప్పిండు?"

యాకయ్య ముందుకొచ్చాడు. అతని మొహంలో భయం లేదు. పొగ సంగతి ఇప్పుడు తేలిపోతుందన్న ధీమా ఉంది. "నేనే సేటు. పొగ ఏ నాజిల్‌కెళ్లి వస్తాందో చూసెతందుకు జర లూజు జేసిన. నిన్న ఉస్తాద్‌కు గూడ జెప్పిన."

అందరూ కొమురెల్లి వైపు చూశారు. యాకయ్య కూడా చూశాడు, తల్లి వైపు చూసే పిల్లాడిలా.

"నాకేం జెప్పినవ్?" అన్నాడు కొమురెల్లి.

రెండంటే రెండు మాటలు. వాటిని అన్నాక అతనికే నోరు చేదయింది. చేదు మింగేశాడు.

వీరభద్రానికి ఇంజను సంగతి అఆలు కూడా రావు. "నట్టు లూజు జేస్తె డీజిల్ వస్తదా?" అని అడిగాడు.

"పైపుల డీజిల్ ఉంటది సేటు. లూజు జేస్తె డీజిల్ రాక నీళ్లొస్తయా?"

ఆ మాటలో అబద్ధం లేదు. అదీ దాని అందం. నట్టు వదులు చేస్తే బొట్లు వస్తాయి. అట్లా బొట్లు పట్టి ఒక క్యాను నింపాలంటే రెండు పగళ్లు ఇంజను నడపాలి, సీసాతో పక్కన కూర్చోవాలి. దొంగతనం చేసేవాడు ట్యాంకులో రబ్బరు గొట్టం వేసి పీల్చుకుంటాడు గానీ నాజిల్ నట్టు విప్పడు. ఇది అక్కడున్న ప్రతి డ్రైవరుకూ తెలుసు. ఎనిమిదిమంది ఉన్నారు. ఎనిమిదిమందిలో ఒక్కడూ నోరు తెరవలేదు. రేపు తమ బండీ ఆ గుడ్డ ముందుకే రావాలి.

"ఆరేండ్లు తిండి వెట్టిన" అన్నాడు వీరభద్రం. "నా ఇంట్ల మనిషనుకున్న. తాళం చెవి ఇయ్యి."

"సేటు, మూడో నాజిల్ విప్పి చూడమను. ఒక్కసారి విప్పి చూడమను. ఉస్తాద్, నువ్వన్న జెప్పు."

"చుక్క చెరిపినోని మాట మీద నేను నాజిల్ విప్పాల్నా?" అన్నాడు కొమురెల్లి.

యాకయ్య తాళం చెవి ఇచ్చేశాడు. సీటు వెనక చిన్న సంచీలో అతని తువ్వాల, కూతురి కోసం కొన్న గాజుల పొట్లం ఉన్నాయి. వాటిని తీసుకోబోతుంటే వీరభద్రం సంచీ బోర్లించి చూపించమన్నాడు. చూపించాడు. గాజులు కింద పడి రెండు పగిలాయి. మిగతావి ఏరుకుని పోయాడు.

బండిని బాగుచేయమని కొమురెల్లి దగ్గరే వదిలి వీరభద్రం భోజనానికి పోయాడు. అడ్డా ఖాళీ అయ్యాక కొమురెల్లి మూడో నాజిల్ విప్పి, పాతదాన్ని తుక్కులో పారేసి, కొత్తది వేశాడు. చుక్క గీకేసి కొత్త చుక్క పెట్టాడు. అంతా అరగంట పని. సాయంత్రం సేటు వచ్చేసరికి గుడ్డ మీద పొగ జాడ కూడా లేదు, మల్లెపువ్వులా ఉంది.

వీరభద్రం ఆ గుడ్డను చేత పట్టుకుని బెంచీ బెంచీకి తిప్పి చూపించాడు. "జూసిన్రా. దొంగ దిగిండు, పొగ వోయింది."

కొమురెల్లి అప్పుడు కూడా నోరు తెరవలేదు. తను చేసిన మరమ్మతే యాకయ్య దొంగతనానికి సాక్ష్యమైంది. ఒకడి గొంతు కోసి, ఆ కత్తి కడిగిన నీళ్లను తీర్థంగా పంచినట్టయింది. అయినా ఆ రాత్రి కొమురెల్లికి నిద్ర బాగానే పట్టింది. పాపాలు చేసినవాళ్లకు నిద్ర పట్టదని ఎవరు చెప్పారో గానీ, వాళ్లు పాపాత్ములను దగ్గర్నుంచి చూసి ఉండరు.

ఆ తర్వాత యాకయ్యకు వరంగల్‌లో స్టీరింగు దొరకలేదు. హన్మకొండలో దొరకలేదు. కాజీపేటలో క్లీనరుగానైనా తీసుకోమని అడిగితే, "చుక్క చెరిపిన యాకయ్యవు నువ్వే గద" అన్నారట. మార్కెట్లో బస్తాలు మోశాడు. అక్కడా దూరంగా నిలబెట్టి జేబులు తడిమేవారు.

అతను కొమురెల్లి దుకాణానికి మూడుసార్లు వచ్చాడు. లోపలికి రాకుండా రోడ్డు మీదే నిలబడేవాడు. మొదటిసారి, "ఉస్తాద్, అడ్డా మీద అనకు. సేటుకు జెప్పకు. మా ఇంటిదానికొక్కదానికి జెప్పు, చాలు" అన్నాడు. పని మీదున్నాను, మళ్లీ రమ్మన్నాడు కొమురెల్లి. రెండోసారీ అదే జవాబు. మూడోసారి దుకాణంలో జనం ఉన్నారు. యాకయ్యను చూసి కొమురెల్లి వాళ్లతో, "దొంగతనం జేసింది తను, జామీను మాత్రం నేనుండాల్నట" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. యాకయ్య వాళ్లతో పాటు కొంచెం నవ్వబోయి, నవ్వలేక వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఏడాది గడిచింది. వీరభద్రం దుకాణం ముందు ఆగిపోయిన బండిని చూడ్డానికి కొమురెల్లి ఒకరోజు గల్లా మార్కెట్‌కు పోయాడు. బస్తాలు దించే చోట రాలిన గింజలు ఊడ్చుకునే ఆడవాళ్లలోంచి ఒకామె చీపురు కింద పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చి దండం పెట్టింది.

"నేను చిలుకమ్మనన్నా, యాకయ్య పెండ్లాన్ని. నువ్వే గనక చెప్పకుంటె ఇంకెన్నేండ్లు దొంగతోని సంసారం జేద్దునో. నీ పుణ్యముంటది."

కొమురెల్లి, "యాకయ్య ఏడున్నడు?" అని అడిగాడు.

ఆమె చెప్పింది. దాచుకోవాల్సిన సిగ్గు ఎప్పుడో కరిగిపోయినట్టు, అందరూ వింటుండగానే చెప్పింది. మొదట తనూ మొగుణ్ణే నమ్మాలని చూసిందట. కానీ కొమురెల్లి చుక్క అబద్ధమాడదని పెళ్లయిన నాటి నుంచీ ఆమెకు నూరిపోసింది ఆ మొగుడే. ఉస్తాద్ అట్లా, ఉస్తాద్ ఇట్లా అని అన్నం తింటూ కూడా అదే పురాణం. మరి ఇప్పుడు ఆ ఉస్తాదే అంటే ఎట్లా కాదనడం? తేల్చుకుందామని బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యమంది. యాకయ్య వేశాడు. డీజిల్ బొట్టు ముట్టలేదని పూలమ్మ నెత్తి మీద అరచెయ్యి ఆనించి చెప్పాడు. ఎనిమిదో రోజుకు ఆ పిల్లకు అమ్మ పోసింది. ప్రాణం దక్కింది గానీ ఎడమ కంట్లో పువ్వు పడింది.

"దొంగ ఒట్టు నా బిడ్డ కన్ను తిన్నదన్నా" అంది చిలుకమ్మ. "గా మాటే ఆయన మొఖం మీద అన్న. తెల్లారి లేచి జూస్తె లేడు. నాగపూర్ లారీ ఎక్కిండట."

ఆ తర్వాత కొమురెల్లి మార్కెట్‌కు పోయిన ప్రతిసారీ ఆమె కనిపించేది. కనిపించినప్పుడల్లా చీపురు కింద పెట్టేది, దండం పెట్టేది, "నీ పుణ్యమన్నా" అనేది. హమాలీలు వినేవారు, సేట్లు వినేవారు, మెచ్చుకోలుగా తలూపేవారు. తిట్టేవాళ్లను కొమురెల్లి ఎంతమందినైనా తట్టుకోగలడు, జీవితమంతా డ్రైవర్లతోనే గడిపాడు. ఈ దండాన్ని తట్టుకోలేకపోయాడు. మార్కెట్ వెనక దారిన పోవడం మొదలుపెట్టాడు. అక్కడా ఒకసారి ఎదురైంది. దండం పెట్టింది. ఆ రోజు నుంచి అతనికి నిజంగానే అన్నం సహించలేదు. పశ్చాత్తాపమని అతను పేరు పెట్టుకున్నాడు. ఆ దండాలు ఆగితే చాలన్నదే అసలు సంగతి.

ఒక మధ్యాహ్నం మార్కెట్ సద్దుమణిగాక వెతుక్కుంటూ పోయాడు. చిలుకమ్మ రేకుల షెడ్డు నీడన కూర్చుని మట్టి కలిసిన గింజలను చేటలో చెరుగుతోంది. పక్కన పూలమ్మ రాళ్లతో ఆడుకుంటోంది. కొమురెల్లి గొంతుక్కూర్చున్నాడు.

"చెల్లె, ఒక మాట. నీ మొగడు దొంగ గాదు."

చేట ఆగింది.

"నాజిల్ నాదే తప్పు. పాతదే బిగించిన. పొగ అందుకే వచ్చింది. గాయన నట్టు లూజు జేసింది పొగ చూసెతందుకే. ముందురోజు నాకొచ్చి జెప్పిండు గూడ. పదిమంది ముందట ఇజ్జత్ వోతదని, నాకు చెప్పలేదన్నట్టు మాట్లాడిన. సేటు తినవోయినప్పుడు చాటుంగ కొత్త నాజిల్ ఏసిన, పొగ వోయింది."

ఆమె చేటలోని గింజలను చేత్తో సమంగా పరిచింది, మళ్లీ కుప్ప చేసింది. అరుస్తుందనుకున్నాడు, చీపురు తిరగేస్తుందనుకున్నాడు. అందుకు సిద్ధపడే వచ్చాడు. రెండు దెబ్బలు తింటే తేలికవుతుందని కూడా అనుకున్నాడు.

"మరి ఒట్టు నిజమే అయితే నా బిడ్డకు అమ్మెందుకు వోసింది?" అని అడిగింది చిలుకమ్మ.

పొగ చూసి నూరు రోగాలు చెప్పేవాడు పక్కనున్న పిల్ల రాళ్ల వంక చూస్తూ కూర్చున్నాడు.

"పోయిన నెల లారీ డ్రైవరుతోని కబురంపిండు, రావాల్నా అని" అంది ఆమె నేల చూస్తూ. "నీ బిడ్డకు నాయిన సచ్చిపోయిండని చెప్పుకున్న, రాకు అని చెప్పి పంపిన. గిప్పుడు యాడ దేవులాడాలన్నా నేను? దొంగని తిట్టుకుంట దినాలు ఎల్లదీసిన. తిట్టుడు నాకు ఆసర ఉండె. గది గూడ గుంజుకుంటివి."

"నేను తప్పు జేసిన చెల్లె."

"నాకు జెప్పి నువ్వు తేలికయితానవ్. నాకేం లాభం? ఆయన్ను దొంగన్నది నేనొక్కదాన్నే గాదు. ఏడ అన్నవో ఆడ అను. సేటు ముందట అను. గా మాట లారీలకు వడి నాగపూర్ దాక వోతది. ఆయన చెవులవడితె వస్తడు."

ఆమె చెప్పింది నిజమే. అడ్డా మీద పుట్టిన మాట మూడు రోజుల్లో నాగపూర్‌లో ఉంటుంది. ఏడాది కిందట అదే దారిన పోయిన చెడ్డపేరును తోలుకు రావడానికి వేరే దారి కూడా లేదు. కొమురెల్లి సోమవారం చెప్తానన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే అనుకున్నాడు.

సోమవారం పొద్దున చిలుకమ్మ కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, పాన్ డబ్బా పక్కన నిలబడింది. పిల్లకు తల నున్నగా దువ్వి, ఉతికిన గౌను తొడిగింది. వీరభద్రం బెంచీ మీద ఉన్నాడు. ఇద్దరు సేట్లు, నలుగురైదుగురు డ్రైవర్లు ఉన్నారు. కొమురెల్లి చేతులు తుడుచుకుని సేటు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సేటు, యాకయ్య దొంగతనం జెయ్యలే. నాజిల్ తప్పు నాది."

వీరభద్రం కొమురెల్లి మొహం చూశాడు, పాన్ డబ్బా వైపు చూశాడు, అక్కడ చిలుకమ్మ కనిపించింది, పక్కన కన్ను పోయిన పిల్ల కనిపించింది. అతని మొహంలో అనుమానం విడిపోయి చిరునవ్వు వచ్చింది.

"అద్గదీ సంగతి" అన్నాడు మిగతావాళ్ల వైపు తిరిగి. "పొల్ల కన్ను జూసి కొమురెల్లి మనసు కరిగింది. దొంగ పెండ్లాం ఏడిస్తె చూడలేక తప్పు తన నెత్తిన ఏసుకుంటాండు. గిసుంటి మనిషిని మీరెక్కడన్న చూసిన్రా?"

"గట్ల గాదు సేటు" అన్నాడు కొమురెల్లి.

"ఎట్ల గాదయా. నా కండ్లతోని చూడలేదా? దొంగ దిగినరోజే పొగ వోయింది. గుడ్డ నేనే చేత వట్టుకున్న. నువ్వు కాదన్నా చుక్క అబద్ధమాడతదా?"

"మనసంటె ఎన్నపూస" అన్నాడు ఒక సేటు. "మేమైతె ఇంటి గడప తొక్కనియ్యం" అన్నాడు ఇంకొకడు. డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నేల చూశారు. ఎవరో చాయ్ గ్లాసు తెచ్చి కొమురెల్లి చేతిలో పెట్టారు. బెంచీ మీద జరిగి చోటిచ్చారు.

ఇంకొక్క మాట చాలు. ఆ రోజు నువ్వు భోజనానికి పోయినప్పుడు నాజిల్ నేనే మార్చాను, అందుకే పొగ పోయింది. ఆ మాట అంటే వాళ్ల నవ్వులు ఆగుతాయి. ఆ మాటను కొమురెల్లి రెండు రోజులుగా మనసులో తిప్పుకుంటూనే ఉన్నాడు. అతనికి అది తెలుసు, చిలుకమ్మకూ తెలుసు. గ్లాసు వెచ్చగా ఉంది. ఇరవై ఏళ్లుగా లేనంత మంచిపేరు ఒక్క నిమిషంలో వచ్చి ఒళ్లో కూర్చుంది. తను చెప్పాడు కదా. చెప్పమన్న చోటే చెప్పాడు. నమ్మకపోతే తనేం చేస్తాడు?

చిలుకమ్మ పాన్ డబ్బా దగ్గర్నుంచి నడుచుకుంటూ బెంచీ దాకా వచ్చింది. సేట్ల ముందుకు ఎప్పుడూ రాని మనిషి, పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చి కొమురెల్లి ఎదురుగా నిలబడింది. అడ్డా అంతా విన్నది.

"ఇంకేమన్న ఉన్నదా అన్నా, నువ్వు జెప్పేది?"

కొమురెల్లి చాయ్ గ్లాసులోకి చూశాడు.

"ఏం లేదు చెల్లె" అన్నాడు.

ఆమె ఇంకాసేపు నిలబడింది. మార్కెట్లో బస్తాలు దించే వేళయింది. పిల్ల చెయ్యి పట్టుకుని ఊడ్చుకోవడానికి పోయింది.